లెక్కకు రాని ఇనుము

వైశాలి,
జూలై 6

చి. ఇంద్రజకు అమ్మమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అందులో రెండు పేజీలు పి.జి. భోజనం గురించి, ఒక పేజీ నీ గదిలో ఉండే ఇషిత గురక గురించి, నాలుగు వాక్యాలు ఉద్యోగం గురించి. నిన్ను అక్కడికి పంపింది గురక వినడానికి కాదు.

ఫోన్ చేయవచ్చు కదా, ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని అడిగావు. మొన్న ఆదివారం నువ్వు ఫోన్లో అరిచిన అరుపులకు మీ పి.జి.లో అందరికీ మీ ఫ్యాక్టరీ సంగతులు తెలిసిపోయి ఉంటాయి, నాకు తప్ప. నా చెవి ఇక బాగుపడదని డాక్టరు తేల్చి చెప్పాడు. మెసేజీలు పెడితే మీ అమ్మ తన ఫోన్లో చదివి, తనకు నచ్చిన ముక్క మాత్రం నాకు వినిపిస్తుంది. కాబట్టి ఉత్తరమే. గ్రేటర్ నోయిడా నుంచి గంట దూరంలోని మన వైశాలికి స్పీడ్ పోస్టు రెండు రోజుల్లో వస్తోంది. పైగా నీ తెలుగు చెడిపోకుండా ఉంటుంది. ‘ళ’ రాయవలసిన చోట ‘ల’ రాశావు, రెండు చోట్ల. సరిచేసుకో.

ఇక అసలు సంగతి. జింకు పూత పూసే కార్ఖానాల నుంచి వచ్చే బూడిద కొని, అందులోంచి జింకు తీస్తారన్నావు. మంచి పనే. కానీ ఆ బూడిదలో ఇనుము కూడా ఉంటుంది కదా. ఇనుప సామాను ముంచిన తొట్టి బూడిదలో ఇనుము లేకుండా ఎలా ఉంటుంది? దాన్నేం చేస్తున్నారు? నాకు అర్థమయ్యేలా వివరంగా రాయి. నేను ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, కాబట్టి మరీ చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పకు.

వేళకు తిను.

అమ్మమ్మ


గ్రేటర్ నోయిడా,
జూలై 12

పూజ్యురాలైన అమ్మమ్మకు ఇంద్రజ నమస్కారాలు.

ళ సరిచేసుకున్నాను.

మా పని ఇలా ఉంటుంది. బూడిదను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తాం. జింకు కరుగుతుంది, దానితోపాటు ఇనుమూ కరుగుతుంది. ఆ ద్రావణాన్ని కిరోసిన్‌లో కలిపిన ఒక నూనెలాంటి మందుతో పెద్ద తొట్లలో చిలుకుతాం. ఆ నూనెను మేమంతా ఆర్గానిక్ అంటాం. జింకు నీళ్ళు వదిలి ఆర్గానిక్‌లోకి వెళుతుంది. తరువాతి తొట్టిలో దానికి వేరే ఆమ్లం తగిలిస్తే జింకు మళ్ళీ బయటికి వస్తుంది, శుభ్రంగా. ఆ ద్రావణంలో కరెంటు పారించి జింకు లోహం తీస్తాం. ఖాళీ అయిన ఆర్గానిక్ మళ్ళీ మొదటికి వెళుతుంది.

ఒక బస్సు అనుకో అమ్మమ్మా. జింకు ఒక స్టాపులో ఎక్కి ఇంకో స్టాపులో దిగే మర్యాదస్తుడు. ఇనుము జింకు కంటే ముందే తోసుకుని ఎక్కుతుంది. దిగమంటే దిగదు. మామూలు ఆమ్లం ఎంత పిలిచినా సీటు వదలదు. ట్రిప్పుకి ఇద్దరు అలాంటివాళ్ళు ఎక్కితే చాలు, కొన్నాళ్ళకు బస్సు నిండా వాళ్ళే. జింకుకు నిలబడే చోటు కూడా ఉండదు.

అందుకే ఇనుమును బస్సు దాకా రానివ్వం. ముందే ఒక ట్యాంకులో పెరాక్సైడ్ పోసి, సున్నం వేస్తే, ఇనుము గోధుమరంగు బురదగా దిగిపోతుంది. వడకట్టి తీసేస్తాం. ఆ ట్యాంకు దగ్గర ఉండే ఆపరేటరు మన తెలుగాయనే, కనకయ్య. శ్రీకాకుళం జిల్లా. నన్ను చూడగానే “తెలుగోరా మేడమ్!” అని ఎంత సంబరపడ్డాడో. కాంట్రాక్టు మనిషే, అయినా ట్యాంకు తనదే అన్నట్టు ఉంటాడు.

వడకట్టిన ద్రావణంలో ఇనుము మిగిలిందేమో చూసి సంతకం పెట్టడం నా పని. ఇప్పటిదాకా రోజూ సున్నా. ప్రాసెస్ మేనేజరు విష్ణు గారు చాలా మెచ్చుకున్నారు. ఆయనది వరంగల్. పెద్ద కంపెనీల్లో చేసి వచ్చారు. ఖర్చులు ఎలా తగ్గించాలో ఆయన దగ్గర నేర్చుకోవాలి.

తింటున్నాను.

ఇంద్రజ


వైశాలి,
జూలై 17

చి. ఇంద్రజకు,

బస్సు బాగుంది. క్లాసులో చెప్పడానికి నాకెప్పుడూ తోచలేదు.

సున్నా మాత్రం బాగాలేదు. ఆ అంకె మీద నాకు మొదటి నుంచీ నమ్మకం తక్కువ. ప్రాక్టికల్ పరీక్షలో తేడా సున్నా వచ్చిందని రాసిన పిల్లవాడు పక్కవాడి కాగితం చూసి రాసినవాడే అయ్యేవాడు. నువ్వు అలా రాశావని అనడం లేదు. రోజూ సున్నా వచ్చేది ప్రకృతిలో తక్కువ అంటున్నాను.

వంటింట్లో అయినా, ఫ్యాక్టరీలో అయినా, లోపలికి వచ్చింది ఎక్కడో ఒకచోట ఉండాలి. బూడిదతో వంద పాళ్ళు ఇనుము వచ్చిందనుకో. బురదలో ఎన్ని పాళ్ళు పోయింది? మిగిలింది ఎక్కడుంది? ఈ రెండు అంకెలు నాకు పంపు. ఇంకొకటి, ఇనుము లేదని ఏ పరీక్షతో తేలుస్తున్నావో చుక్క చుక్కా రాయి.

మేనేజరు మెచ్చుకున్నాడని రాశావు. సంతోషం. మెప్పు జీతంలో కలవదు.

అమ్మమ్మ


గ్రేటర్ నోయిడా,
ఆగస్టు 3

అమ్మమ్మకు నమస్కారాలు.

ఆలస్యానికి కోపగించుకోకు. ఇక్కడ ఊపిరి సలపడం లేదు. జింకు దిగుబడి తగ్గుతోంది. ఆర్గానిక్ లేత పసుపుగా ఉండేది, ఇప్పుడు టీ డికాక్షన్‌లా ఉంది. తొట్లలో నూనె, నీళ్ళు చక్కగా విడిపోయేవి, ఇప్పుడు మధ్యలో మీగడలా ఏదో కడుతోంది. మా మాలిక్, అదే యజమాని, పృథ్వీరాజ్ గారు రోజూ వచ్చి తొట్టి పక్కన నిలబడి “క్యా హో రహా హై భాయ్?” అంటున్నారు. ఆయనకు ఎవరం జవాబు చెప్పలేకపోతున్నాం.

నువ్వు అడిగిన పరీక్ష: వడకట్టిన ద్రావణం కొంచెం గాజుగొట్టంలో తీసుకుని, ఒక చుక్క ఆమ్లం, రెండు చుక్కలు థయోసయనేట్ వేస్తాను. ఇనుము ఉంటే రక్తంలా ఎర్రబడుతుంది. ఎర్రబడలేదు. ఇనుము లేదు. నాకు ముందు ఉన్నవాళ్ళూ ఇదే చేశారు. ఇదివరకు నెలకోసారి బయటి ల్యాబుకు కూడా పంపేవాళ్ళు. అనవసరపు ఖర్చని విష్ణు ఆపించాడు.

నువ్వు అడిగిన అంకెలు: వందకు తొంభై ఏడు బురదలో పోయేది. జూన్ చివరి నుంచి అరవై పోతోంది. బురద తగ్గితే పారవేసే ఖర్చు తగ్గుతుంది, మంచిదే కదా. మిగతా నలభై సంగతి విష్ణును అడిగాను. బురద సరిగా ఆరకుండా తూచి ఉంటారు, అంకెలు నమ్మకు అన్నాడు. ఆర్గానిక్ పాతబడిందని అతని అభిప్రాయం.

నీ లెక్క క్లాసురూములో సరిపోతుంది అమ్మమ్మా. ఇక్కడ పైపులు కారతాయి, మీటర్లు అబద్ధాలు చెబుతాయి. ప్రతి గ్రాముకూ జవాబు ఉండదు.

ఇంద్రజ


వైశాలి,
ఆగస్టు 8

ఇంద్రజకు,

పైపులు కారితే జింకు కూడా కారాలి. ఇనుము ఒక్కటే ఏరుకుని కారే పైపు ఉంటే దానికి బహుమతి ఇవ్వాలి.

వచ్చే బూడిద మారలేదు. బురద మాత్రం మూడో వంతుకు పైగా తగ్గింది. తగ్గితే మంచిదన్నావు. ఇంట్లో చెత్తబుట్ట నిండడం మానేస్తే ఇల్లు శుభ్రంగా ఉందనుకుంటావా, చెత్త ఇంట్లోనే ఉందనుకుంటావా? జూన్ చివర ఆ ట్యాంకు దగ్గర ఏదో మారింది. ఏం మారిందో నీకు తెలుసు, తెలియకపోతే తెలుసుకోవలసిన దానివి.

నీ ఉత్తరంలో రెండు వాక్యాలు పక్కపక్కన ఉన్నాయి. ‘ఎర్రబడలేదు’, ‘ఇనుము లేదు’. ఈ రెండూ ఒకే మాటేనా? ఆలోచించి జవాబు రాసి పంపు. నేను చెప్పను. చెబితే నీది కాదు.

పోయిన ఉత్తరంలో విష్ణు గారు, ఈ ఉత్తరంలో విష్ణు. అది కూడా గమనించాను.

అమ్మమ్మ


గ్రేటర్ నోయిడా,
సెప్టెంబరు 9

అమ్మమ్మా,

నెల రోజులు జవాబు రాయలేదు. రాయడానికి భయపడ్డాను. ఇప్పుడు అన్నీ రాస్తున్నాను, చివరిదాకా చదివి తిట్టు.

ప్లాంటు ఆగిపోయింది. ఆర్గానిక్ జింకును పట్టుకోవడం దాదాపు మానేసింది. కనకయ్యను గేటు బయటికి పంపేశారు. ట్యాంకు దగ్గర నిద్రపోయాడు, పెరాక్సైడ్ సరిగా పోయలేదు, అతని వల్ల లక్షల ఖరీదు చేసే ఆర్గానిక్ పాడయింది అని ఆరోపణ. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఒక్క మాటతో పంపేశారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతని టిఫిన్ డబ్బా కూడా తెరిచి చూశాడు. “నానేటి సేసినాను మేడమ్? సగమే ఎయ్యమన్నారు, సగమే ఏసినాను” అని నా వైపు చూసి అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుగు రాదు. నాకు వచ్చు. నేను మాట్లాడలేదు.

జూన్ చివర ఏం మారిందో నాకు తెలుసు. పెరాక్సైడ్ సగానికి తగ్గించమని విష్ణు కనకయ్యతో నోటితో చెప్పాడు. “ఠీక్ హై సార్” అన్నాడు కనకయ్య. నేను పక్కనే ఉన్నాను, శాంపిల్ సీసా పట్టుకుని. విష్ణు నన్ను చూసి, “ఇనుము కనబడితే చెప్పు, పెంచేద్దాం” అన్నాడు. మాట సబబుగానే ఉందనిపించింది. నాకు కనబడలేదు.

నీ ప్రశ్న నెలంతా నన్ను తొలిచేసింది. మొన్న ప్లాంటు ఆగిపోయాక ల్యాబులో ఒక్కదాన్నే కూర్చుని, పాత శాంపిల్ తీసి, మామూలుగా పరీక్ష చేశాను. నీళ్ళలా ఉంది. అదే గొట్టంలో ఒక చుక్క పెరాక్సైడ్ వేశాను. ఎర్రగా, కోసిన దానిమ్మలా అయిపోయింది.

ఇనుములో రెండు రకాలు, ఫెర్రస్, ఫెర్రిక్. థయోసయనేట్ చూసేది ఫెర్రిక్‌ను మాత్రమే. పెరాక్సైడ్ నిండుగా పోసినంత కాలం ఇనుమంతా ఫెర్రిక్ అయ్యేది, సున్నం వేయగానే బురదగా దిగిపోయేది, నా పరీక్ష కూడా నిజమే చెప్పేది. సగం చేశాక మిగిలిన ఫెర్రస్ ఏ రంగూ లేకుండా ఫిల్టరు దాటి పోయింది. ఆర్గానిక్‌తో చిలికే తొట్లలో గాలి తగిలి అక్కడ ఫెర్రిక్ అయి, బస్సెక్కి కూర్చుంది. పన్నెండో తరగతి పాఠం అమ్మమ్మా. నేను ఇంజనీరింగు చదివి ప్రతి రోజూ ‘సున్నా’ అని సంతకం పెట్టాను.

వచ్చే బుధవారం మాలిక్ ముందు విచారణ. పెరాక్సైడ్ పూర్తి మోతాదులో వేయమనే చెప్పామని, ఆపరేటరు వేయలేదని ఒక కాగితం తయారయింది. విష్ణు సంతకం పెట్టాడు. పక్కన నా పేరు టైపు చేసి ఉంది.

ఇంకొక్కటి. విష్ణు, నేను పెళ్ళి చేసుకుందామనుకున్నాం. దీపావళికి ఇంటికి తీసుకువచ్చి నీకు, అమ్మకు పరిచయం చేద్దామనుకున్నాను. నిన్న అతన్ని అడిగాను, ఎందుకిలా చేశావని. “ఈ ప్లాంటు నా చేతిలో ఆగిపోయిందని తెలిస్తే నాకు ఇంకెక్కడా ఉద్యోగం రాదు ఇంద్రజా. కనకయ్యకు ఇంకో చోట దొరుకుతుంది. సోచ్‌కే దేఖో, ఆలోచించి చూడు” అన్నాడు. ఏడ్చాడు కూడా.

నేనేం చేయను?

ఇంద్రజ


వైశాలి,
సెప్టెంబరు 14

చి. ఇంద్రజకు,

నీ ఉత్తరం అందిన మర్నాడే మీ విష్ణు మన ఇంటికి వచ్చాడు. నువ్వు పంపావనుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నా మాటలు గానీ అతని మాటలు గానీ దిద్దలేదు.

స్వీట్ల డబ్బా తెచ్చాడు. కాళ్ళకు దండం పెట్టాడు. మనిషి బాగున్నాడు. కూర్చుని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు, నాకు వినపడలేదు. కాగితం, కలం ఇచ్చి, “నాకు చెవి లేదు నాయనా. రాసి చూపించు” అన్నాను.

కలం చేతిలోకి తీసుకున్నాడు. కాగితం వైపు చూశాడు. మళ్ళీ కలం బల్ల మీద పెట్టి, నా చెవి దగ్గరికి వంగి గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాడు.

“అమ్మమ్మా, మీరు చెప్తే ఇంద్రజ వింటది. ఆ కాగితం మీద ఒక్క సంతకం అంతే.”

“పెరాక్సైడ్ సగం చేయమని చెప్పింది నువ్వేనా?”

తలుపు వైపు చూశాడు. “ఖర్చు తగ్గించమని పైనుంచి ఒత్తిడి ఉండె. అందరూ చేస్తరు.”

“అది కాగితం మీద రాయి.”

“అమ్మమ్మా, అట్ల కాదు...”

“సగం వేయమని రాతలో చెప్పలేదు. ఇప్పుడూ రాయవు. నీ కలం దేనికి కదులుతుంది, కనకయ్య మీద కాగితానికా?”

వంటింట్లోంచి మీ అమ్మ పకోడీల పళ్ళెంతో వచ్చింది. అతని అరుపులతో మీ అమ్మకు అప్పటికే అంతా తెలిసిపోయింది. గుమ్మంలోంచే పళ్ళెంతో సహా వెనక్కి వెళ్ళిపోయింది.

అప్పుడు విష్ణు గొంతు మారింది. “సరే. ఇంద్రజ సంతకం పెట్టదు అనుకుందాం. మొదట పోయేది ఎవరి ఉద్యోగం? రోజూ ఇనుము సున్నా అని రాసింది నేనా? ల్యాబు చెప్పిందే నేను నమ్మిన. అడిగితే అదే చెప్తా. అబద్ధం ఎక్కడుంది?”

“నీకు ఫెర్రస్ సంగతి తెలియదా?” అని అడిగాను.

“మీకెట్ల తెలిసింది, ఫ్యాక్టరీ చూడకుండనే?”

“ఎర్రబడలేదు అని ఇంద్రజ రాసిన రోజునే తెలిసింది.”

“ఎప్పుడు?”

“ఆగస్టు మొదట్లో.”

ఈసారి అరవలేదు. మెల్లగా అన్నాడు, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకున్నాను. “తెలిసి కూడా చెప్పలేదా అమ్మమ్మా? అప్పుడే చెప్పి ఉంటే ఆర్గానిక్ సగమన్నా దక్కేది. కనకయ్య గేటు దాటేటోడు కాదు.”

అతను లేచి వెళ్ళిపోయాడు. స్వీట్ల డబ్బా మీ అమ్మ వెనకాలే పరుగెత్తి ఇచ్చి వచ్చింది.

నువ్వు అడిగిన దానికి జవాబు. సంతకం పెట్టకు. అతను ఆ గదిలో ఏమంటాడో నాకు ముందే చెప్పాడు, నీకూ చెబుతున్నాను, వినడానికి సిద్ధపడి వెళ్ళు. ఉద్యోగం పోవచ్చు. పెళ్ళి సంగతి నేనేమీ అనను. అది నీ నిర్ణయం. నాకు ఏడుపు వినపడదు, కాబట్టి అతను ఏడ్చాడన్న దానికి విలువ కట్టలేను.

ఆ పరీక్ష మాలిక్ ముందు చేసి చూపించు. గాజుగొట్టం రెండు వేళ్ళతో పట్టుకో, పిడికిటితో కాదు.

అమ్మమ్మ


గ్రేటర్ నోయిడా,
సెప్టెంబరు 22

అమ్మమ్మా,

బుధవారం జరిగింది చెబుతాను. నీకు నచ్చినట్టు జరిగింది జరిగినట్టే.

మాలిక్ గది. ఆయన, విష్ణు, అకౌంట్స్ లలితకుమారి గారు, నేను. కాగితం నా ముందుకు తోశారు. నేను సంచిలోంచి రెండు గాజుగొట్టాలు, శాంపిల్ సీసా తీసి బల్ల మీద పెట్టాను. “యే క్యా డ్రామా హై మేడమ్ జీ?” అన్నారు మాలిక్. “దో మినట్, సర్” అన్నాను. ఒక గొట్టంలో మామూలు పరీక్ష చేశాను. నీళ్ళలా ఉంది. “ఇదీ రోజూ నేను సున్నా అని రాసింది” అన్నాను. రెండో దాంట్లో ముందు పెరాక్సైడ్ చుక్క వేశాను. ఎర్రబడింది. లలితకుమారి గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

“నా పరీక్ష ఒక రకం ఇనుమునే చూస్తుంది. తప్పు నాది. పెరాక్సైడ్ సగం చేయమని కనకయ్యకు చెప్పింది విష్ణు గారు. నా ముందే చెప్పారు. కనకయ్య చెప్పినట్టే చేశాడు” అన్నాను. హిందీలో చెప్పాను, అందరికీ అర్థం కావాలని.

మాలిక్ విష్ణు వైపు తిరిగారు. విష్ణు నీ దగ్గర అన్నదే అన్నాడు. “సర్, ల్యాబు ఒక్క రోజు ఇనుము ఉందని రాసినా డోసు పెంచేవాణ్ణి. ల్యాబు డెబ్భై రోజులు నిల్ అంది.” అది అబద్ధం కాదమ్మమ్మా. నాకు ఎక్కువ నొప్పి కలిగించింది అదే. అబద్ధమైతే తేలిగ్గా ఉండేది. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. పెళ్ళి మాట అక్కడే అయిపోయింది, ఎవరూ పైకి అనకుండానే.

మాలిక్ ఎర్రగొట్టం చేతిలోకి తీసుకుని వెలుగులో చూశారు. ఆ తరువాత తేల్చేశారు. కనకయ్యను వెనక్కి పిలుస్తారు. విష్ణు ఉంటాడు, ప్లాంటు మళ్ళీ నడపడానికి వేరే మనిషి లేడు. నేను ల్యాబులో ఉండను. “ఇనుము మీ చేతుల మీదుగా లోపలికి పోయింది మేడమ్ జీ. మీరే బయటికి తియ్యండి” అన్నారు. పాడైన ఆర్గానిక్‌ను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కొంచెం కొంచెంగా కడిగి ఇనుము దించే పని. కనకయ్య ట్యాంకు పక్కనే. హోదా లేదు, పని పూర్తయ్యాక ఉద్యోగం ఉంటుందో లేదో కూడా చెప్పలేదు. ఒప్పుకున్నాను.

సాయంత్రం కనకయ్య ఉండే గదికి వెళ్ళాను. ఫ్యాక్టరీ వెనక పల్లెలో, గేదెల కొట్టాల పక్కన. అతని భార్య ఉష టీ ఇచ్చింది. మాలిక్ రమ్మన్నారని చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. టీ గ్లాసు చేతిలో తిప్పుతూ, “ఆ రోజు మీరు ఆడే ఉన్నారు కదేటి మేడమ్? ఇన్నారు కదా?” అన్నాడు.

“విన్నాను.”

“మరి?”

అంతే అన్నాడు. నేను టీ తాగి వచ్చేశాను. తరువాత రోజు పనిలోకి వచ్చాడు. ఇప్పుడు మేడమ్ అంటాడు, తెలుగోరు అనడు. పని చూపిస్తాడు, మాట్లాడడు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నీకు ఆగస్టులోనే తెలుసు. చిన్నప్పటి నుంచీ నువ్వింతే. లెక్క తప్పితే తప్పని చెప్పవు, “మళ్ళీ చూడు” అంటావు. నేను మళ్ళీ చూస్తాను, దొరుకుతుంది, నువ్వు సంతోషిస్తావు. అది పలక మీద లెక్క అమ్మమ్మా. ఇది పలక కాదు. నువ్వు నాకు పాఠం చెప్పిన ఆ నెలలో ఒక మనిషి గేటు బయట నిలబడ్డాడు. నేను నోరు తెరవనందుకు నా మీద ఎంత కోపంగా ఉందో నీ మీదా అంతే ఉంది.

కొన్నాళ్ళు ఉత్తరం రాయను.

ఇంద్రజ


వైశాలి,
సెప్టెంబరు 27

ఇంద్రజకు,

రాయనన్నావు. రాయకు. నేను రాస్తున్నాను, జవాబు అక్కర్లేదు.

కనకయ్య అడిగిన ‘మరి?’ కి నీ దగ్గర జవాబు లేదు. నా దగ్గర కూడా లేదు. మూడు రోజులు వెతికాను. క్లాసులో నలభై మంది ఉన్నప్పుడు జవాబు చెప్పకుండా ఆగడం మంచి టీచరు పని. ఆ నలభై మందిలో ఎవరూ గేటు బయట నిలబడరు. ఆ తేడా నాకు తెలిసి ఉండవలసింది. తెలియలేదు.

ఇప్పుడు నువ్వు చేస్తున్న పనిలో ఒక ప్రమాదం ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఇనుము దించాక ఆ ఆమ్లం జిడ్డులా కొంత ఆర్గానిక్‌లోనే ఉండిపోతుంది. అలాగే తిరిగి వాడితే క్లోరైడు జింకు తీసే కరెంటు తొట్ల దాకా పోతుంది. అక్కడ క్లోరిన్ వాయువుగా లేస్తుంది. ఆ తొట్ల పక్కన నిలబడేవాళ్ళ గొంతులు కాలతాయి. తొందరగా మొదలుపెట్టమని మీ మాలిక్ అంటాడు, కడగడం ఒక్కసారి చాలని ఇంకెవరైనా అంటారు.

ఒకసారి చాలదు. నీళ్ళతో కడిగి, ఆ కడిగిన నీళ్ళు గాజుగొట్టంలో పట్టి, నైట్రిక్ ఆమ్లం చుక్క, సిల్వర్ నైట్రేట్ చుక్క వెయ్యి. పాలలా తెల్లబడితే మళ్ళీ కడుగు. తెల్లబడడం ఆగేదాకా కడుగు. ఆగాక ఇంకొకసారి కడుగు. అప్పుడు మాత్రమే వదులు. కనకయ్యను పక్కన నిలబెట్టుకుని చెయ్యి, ఎందుకు చేస్తున్నావో అతనికి కూడా చెప్పు. దగ్గు వస్తే, కళ్ళు మండితే ఎవరినీ అడక్కుండా ఆ తొట్ల కరెంటు ఆపేయమని చెప్పు. ఆపినందుకు ఎవరైనా ఏమైనా అంటే నీ పేరు చెప్పమను.

ఇదంతా నీకు తెలిసే ఉండవచ్చు. తెలిసినా సరే, చెబుతున్నాను.

అమ్మమ్మ